వివరపత్రములో ఖాళీ గడి



నేడు నేను మనవి చేయబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఒక కాగితము, దానిపై కొన్ని గళ్ళు, గడికొక ప్రశ్న. ఇటీవల ఆ కాగితము పోయి, దాని స్థానమున కంప్యూటరు తెరయో, చేతిలో పలకవలె నిముడు యంత్రమో వచ్చినది. ఒక క్రొత్త మందు గుణమిచ్చునా ఈయదా, ఒక వ్యాధి యే కారణమున ప్రబలుచున్నది అని వైద్యులు పరిశోధించునపుడు రోగులనుండి తెలిసికొన్న సంగతులన్నియు ఆ గళ్ళలోనే వ్రాసికొందురు. దానికి రోగి వివరపత్రమని పేరు. ఇట్టి పత్రమును కల్పించుట యొక విద్య యనియు, దానికి సుమారు రెండు వందల యేండ్ల చరిత్ర గలదనియు మనలో ననేకు లెరుగరు. నేనును నిన్న మొన్నటివరకు ఎరుగను. వ్యాకరణము, అలంకారము, ప్రబంధములు చదువుకొని, బడిపిల్లలకు పద్యములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నాకీ విషయముతో ప్రసక్తి యెట్లు కలిగెనో తుదను చెప్పెదను. అందు నేను చేసిన తప్పొకటి గలదు.

మొదట తాటియాకుల సంగతి. మేము ప్రాచ్యకళాశాలలో చదువుకొను దినములలో మా గురువుగారు ప్రాచీన గ్రంథములను పరిష్కరించు పద్ధతి చెప్పుచుండెడివారు. ఒక ప్రతిలో పురుగు తిని నాలుగక్షరములు పోయినవనుకొనుడు. ఉత్తముడైన లేఖకుడు దానిని చూచి ప్రతి వ్రాయునపుడు ఆ నాలుగక్షరముల చోటు విడిచి వ్రాయును. అచ్చువేయువారు అచ్చట గ్రంథపాతమని గుర్తు పెట్టుదురు. మరియొక లేఖకుడు కలడు. ఆయనకు కొంచెము కవిత్వము వచ్చును. చోటు విడుచుట ఆయనకు చిన్నతనముగా తోచును. గణములకు, యతికి సరిపోవునట్లు తానే నాలుగక్షరములు కల్పించి పూరించును. చదువుటకు రెండవ ప్రతియే సుఖముగా నుండును. కాని మొదటి ప్రతిలో పోయినవి నాలుగక్షరములు మాత్రమే. రెండవ ప్రతిలో ఆ నాలుగక్షరములతోపాటు అవి పోయినవను జ్ఞానముకూడ పోయినది. "నాయనలారా, ఖాళీకి భయపడకుడు, పూరణకు భయపడుడు" అని మా గురువుగారు హెచ్చరించెడివారు. ఆ మాట వైద్యశాస్త్రమునకు ఇంత యక్కరకు వచ్చునని ఆయనగాని నేనుగాని అనుకొనలేదు.

ఇక వైద్యుల కథ. 1747లో స్కాట్లాండు దేశీయుడగు నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ అనునాయన, చిగుళ్ళు కుళ్ళి నీరసించు స్కర్వీ వ్యాధి సోకిన పన్నిద్దరు నావికులను ఆరు జతలుగా విభజించి, జతకొక వస్తువు చొప్పున ఇచ్చి చూచెను. నారింజలను, నిమ్మపండ్లను తిన్న జత శీఘ్రముగ కోలుకొనెను. ఆయనకు పత్రముతో పనిలేకపోయెను. పన్నిద్దరు మనుష్యులు ఒక్కని జ్ఞాపకములో నిముడుదురు. వందలకొలది రోగులను చూడవలసి వచ్చినపుడే చిక్కు పుట్టినది.

పారిసు నగరమున పియరె లూయి అను వైద్యుడుండెను. ఆ కాలమున ఐరోపాలో జ్వరము వచ్చిననేమి, రొమ్ము పడిశము వచ్చిననేమి, నరము కోసి నెత్తురు తీయుటయే ప్రధానచికిత్స. దానివలన మేలు కలుగుచున్నదని వైద్యులందరకు గట్టి నమ్మకము. లూయి నమ్మకముతో తృప్తి పడక ఊపిరితిత్తుల వాపుతో వచ్చిన 77 మంది రోగుల వృత్తాంతములను వరుసగా పేర్చి లెక్కించెను. వ్యాధి మొదలయిన నాలుగు దినములలోపల నెత్తురు తీయబడినవారు 41 మంది. వారిలో మరణించినవారు 18 మంది. అటుతరువాత తీయబడినవారు 36 మంది. మరణించినవారు 9 మంది. శీఘ్రముగ తీసిన మేలని చెప్పుచుండిన శాస్త్రమునకు ఈ లెక్క యెదురు తిరిగెను. 1835లో ఈ సంగతి గ్రంథరూపమున వెలువడినపుడు వైద్యులనేకులు ఆగ్రహించిరి. ఆయన చేసినదేమి? ప్రతిరోగి విషయమునను అవే ప్రశ్నలు వేసికొనెను: ఏ దినమున వ్యాధి మొదలయ్యెను, ఏ దినమున నెత్తురు తీసిరి, ఏ దినమున కోలుకొనెను లేక గతించెను. అందరిని ఒక్కతీరుగ అడుగుటయే వివరపత్రమునకు బీజము. అప్పటికి గళ్ళు గీయలేదు గాని గళ్ళ మనస్సు పుట్టినది.

గళ్ళు గీసినవారిలో ప్రసిద్ధురాలు ఫ్లారెన్సు నైటింగేలు. ఆమెను మనము దీపము చేతబట్టిన దాదిగా పాఠపుస్తకములలో చదివితిమి. ఆమె గణితమందును ప్రవీణురాలు. 1854 మొదలు రెండేండ్లు క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనికాసుపత్రిలో పనిచేయుచు, అక్కడి మరణముల పట్టీలు ఒకదానితో నొకటి సరిపోలకుండుట చూచెను. ఎందరు చచ్చిరో తెలియనిచోట ఎందుచేత చచ్చిరో ఎట్లు తెలియును? స్వదేశమునకు మరలిన పిమ్మట విలియం ఫార్ అను గణాంకవేత్త తోడ్పాటుతో ఆసుపత్రులన్నిటికి ఏకరీతియగు పత్రములను సిద్ధపరచి, 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంకమహాసభకు సమర్పించెను. సభవారు మెచ్చుకొనిరి. మన దేశమునకును ఆమె ప్రశ్నపత్రములు వచ్చినవి. భారతదేశములోని సైనికులున్న దండులకు, అచ్చటి నీరెట్టిది, మురుగు కాలువ లెట్టివి అని అడుగుచు పంపబడినవి. వాని యుత్తరములు 1863లో వెలువడిన రాచకమీషను నివేదికలో చేరినవి.

అయితే ఆసుపత్రులకై ఆమె వ్రాసిన ఏకరీతి పత్రములు వాడుకలో నిలువలేదు. ఆ పత్రములు విపులములు, నింపువారికి భారములు. కావలసినదంతయు అడిగిన పత్రమును నింపువాడు లేడు. నా మట్టుకు నేను ఆమె విజయములకన్న ఈ వైఫల్యమునే యెక్కువగా తలచుచుందును. పాఠశాలలో నా జీవితకాలములో ఎన్ని ఫారములు నింపితినో లెక్కలేదు. పండ్రెండు గళ్ళున్న ఫారమును ఆలోచించి నింపుదుము. నూటపండ్రెండు గళ్ళున్న ఫారమును పైనున్న వరుస చూచి క్రిందివరుస నింపుదుము. దీనిని ఉపాధ్యాయు లెవరును బహిరంగముగ ఒప్పుకొనరు గాని ఇది నిజము.

పందొమ్మిదవ శతాబ్ది చివర యంత్రము ప్రవేశించెను. అమెరికాలో హెర్మన్ హాలరిత్ అను నింజనీరు అట్టముక్కలకు రంధ్రములు పొడిచి, ఆ రంధ్రముల ననుసరించి మనుష్యులను లెక్కించు యంత్రమును కల్పించెను. 1890 నాటి ఆ దేశపు జనాభా లెక్కలు దానిచేతనే జరిగినవి. ఆ యూహకు ప్రేరణ యిచ్చినవాడు జాన్ షా బిల్లింగ్సు అను వైద్యుడనియు, జనాభా లెక్కలకన్న ముందే బాల్టిమోరు నగరపు మరణముల లెక్కలపై ఆ యంత్రమును పరీక్షించిరనియు తెలిసినపుడు నాకాశ్చర్యము కలిగెను. కంప్యూటరునకు తాతవంటి యా యంత్రము మొదట అక్షరాభ్యాసము చేసినది చచ్చినవారి పట్టీపై. అట్టముక్కలో రంధ్రమున్నది లేదా లేదు. "కొంచెము", "ఏమో", "జ్ఞాపకము లేదు" అనుటకు అందు తావు లేదు. తావు కావలెనన్న దానికొక ప్రత్యేక రంధ్రమును ముందుగనే ఏర్పాటు చేయవలెను. నేటి యంత్రములలోను ఈ గుణము పోలేదు.

ఇరువదవ శతాబ్దమున మందుల పరీక్ష శాస్త్రముగ స్థిరపడినది. 1948లో బ్రిటనులో క్షయకు స్ట్రెప్టోమైసిను మందును పరీక్షించిన వృత్తాంతము ప్రకటితమైనది. రోగులు 107 మంది. 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతిమాత్రము. ఎవరు ఏ పక్షమున చేరవలెనో వైద్యుని యిష్టమునకు విడువక మూసిన కవర్లలోనుంచిరి. ఈ యేర్పాటు చేసినవారు బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంకశాస్త్రజ్ఞులు. రొమ్ము ఎక్స్‌రే పటములను పరిశీలించువారికి అది ఏ పక్షపు రోగిదో చెప్పలేదు. ఇందులో మన విషయమునకు కావలసిన సూక్ష్మమొకటి గలదు. గడిలో వ్రాయువాని మనస్సులో కోరిక యున్నయెడల ఆ కోరిక గడిలోనికి దిగును. కనుక కోరికకు త్రోవ లేకుండ పత్రమును, పద్ధతిని ముందుగనే కట్టవలెను.

ఆ పద్ధతి వెంటనే మన దక్షిణదేశమునకు వచ్చినది. 1956లో మద్రాసు నగరమున క్షయచికిత్సా పరిశోధనకేంద్రము స్థాపితమైనది. క్షయరోగిని శానటోరియములో నుంచి పుష్టికరమగు ఆహారము పెట్టి విశ్రాంతి నిచ్చినగాని బ్రతుకడని లోకమంతయు నమ్ముచుండిన కాలమది. అట్టి మంచములు మన దేశమున ఎన్ని కలవు? రోగులెందరు? మద్రాసు కేంద్రమువారు కొందరు రోగులను శానటోరియమునను, కొందరిని వారి వారి యిరుకు ఇండ్లలోను ఉంచి అవే మందులిచ్చి చూచిరి. 1959లో ప్రకటించిన ఫలితమేమన, ఇంటివద్ద చికిత్స శానటోరియపు చికిత్సకు ఇంచుమించు సమానముగ పనిచేయుననియు, చికిత్స మొదలయిన తరువాత ఇంటివారికి అదనముగ అపాయము కలుగలేదనియు. ప్రపంచమున క్షయచికిత్స గతి దీనితో మారినది.

అందు వారు ఎదుర్కొన్న చిన్న ప్రశ్నను చూడుడు: రోగి ఇంటివద్ద మందు మ్రింగెనా? "మందు వేసికొన్నావా?" అని యడిగిన ప్రతివాడును వేసికొంటిననియే చెప్పును, డాక్టరుగారి మొగముపై లేదని చెప్పుటకు ఎవనికి నోరాడును? ఆ గడి ప్రతిరోగికి "అవును" అని నిండిపోవును. కావున వారు రోగి మూత్రమును పరీక్షించి మందు జాడ యున్నదా యని చూచిరి. చెప్పకుండ ఇంటికి వెళ్ళి మిగిలిన బిళ్ళలను లెక్కపెట్టిరి. పత్రములో ప్రశ్న వ్రాయుటకు ముందు, ఆ ప్రశ్నకు నిజమైన యుత్తరము ఎవరినుండి, దేనినుండి వచ్చునో ఆలోచించుట యన్న నిదియే.

తరువాత పత్రములు పెరిగినవి. గర్భిణీ స్త్రీలు థాలిడోమైడు అను మందు వాడుటవలన అంగవైకల్యముతో శిశువులు పుట్టిన ఘోరము బయల్పడిన పిమ్మట, 1962లో అమెరికాలో మందుల చట్టము బిగిసినది. మందు హానికరము కాదని చెప్పుట చాలదు, గుణమిచ్చునని సరియైన పరీక్షలతో నిరూపింపవలె ననిరి. రోగికొక్కరికి పుటలకు పుటలు నిండినవి. ఆ కాగితములు కట్టలుగా వచ్చిన తరువాత గుమాస్తాలు వానిని చూచి కంప్యూటరులోనికి ఎక్కించెడివారు. ఒకే కాగితమును ఇద్దరు విడివిడిగ ఎక్కింపగా, భేదించినచోట్లను యంత్రము చూపెడిది. మా గురువుగారు ఇద్దరు శిష్యులచేత ఒకే శ్లోకమును ఎదురెదురుగా చదివించి పాఠభేదములు పట్టిన పద్ధతియే ఇది. కాని ఎక్కించుటలోని తప్పు దీనివలన దొరకును. అసలు కాగితములోని తప్పు దొరకదు. ఆరు నెలల పిమ్మట "రోగి బరువు 650 కిలోలని యున్నదేమి?" అని ఉత్తరము వ్రాసినచో రోగి యెక్కడ, త్రాసెక్కడ?

రోగి యెదుటనే యంత్రములో వ్రాసినచో ఈ చిక్కు తప్పునుగదా యను తలంపుతో ఎలక్ట్రానిక్ పత్రములు బయలుదేరినవి. ఆసుపత్రులలో కంప్యూటరులనుంచి అక్కడనే నింపు ప్రయత్నములు కొంతకాలముగ జరుగుచుండగా, 1997లో అమెరికా మందుల శాఖవారు ఎలక్ట్రానిక్ పత్రములను సంతకములను ఏ షరతులపై నమ్మవచ్చునో నియమములు చేసిరి. వానిలో నాకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి గలదు. ఒక గడిలోని మాటను మార్చినపుడు పాతమాట కనబడకుండ పోరాదు. ఎవరు, ఏ దినమున, ఏ గంటకు మార్చిరో యంత్రము తానే వ్రాసికొనవలెను.

ఇది మన గ్రామపెద్దలకు క్రొత్త కాదు. కరణీకములు 1984లో రద్దగుటకు పూర్వము మన కరణములు అడంగలు వ్రాసిన తీరు మీరెరుగుదురు. తప్పుపడిన అంకెపై ఒక్కగీత గీయవలెను. క్రింది యంకె కనబడుచుండవలెను. ప్రక్కన దిద్దిన అంకె వ్రాసి చేవ్రాలు చేయవలెను. గీకినను, సిరా పులిమినను తాసిల్దారు లెక్క నంగీకరింపడు. కొట్టివేత తప్పు గాదు, కొట్టివేతను దాచుట తప్పు. ఈ ధర్మము కాగితమునుండి యంత్రమునకు అట్లే సంక్రమించినది.

2004లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున రెడ్‌క్యాప్ అను సాధనము పుట్టినది. కంప్యూటరు విద్య రాని వైద్యుడుకూడ దానియందు తన పత్రమును తానే కట్టుకొనవచ్చును. 2008 ప్రాంతమున వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు ఓపెన్ డేటా కిట్ అను మరియొక సాధనమును సిద్ధపరచిరి. సెల్‌ఫోనులో వీధివీధి తిరిగి వివరములు సేకరించుటకు అది యనుకూలించినది. పత్రమును కట్టుట సులభమయినది. సులభమయిన కొలది ఆలోచింపక కట్టువారును పెరిగిరి.

మంచి పత్రమును కట్టువాడు దేనిని గమనించునో కొంత చెప్పెదను. ఒక గడిలో ఒక్క ప్రశ్నయే యుండవలెను. "దగ్గు, ఆయాసము ఉన్నవా?" అని యడుగరాదు, దగ్గుండి ఆయాసము లేనివాడేమి చెప్పును? తేదీ వ్రాయునపుడు నెలను పేరుతో వ్రాయించుట క్షేమము. 03–04 అని వ్రాసిన మనకది ఏప్రిలు మూడు, అమెరికావానికి మార్చి నాలుగు. కొలతకు ప్రమాణము గడిలోనే అచ్చుపడియుండవలెను. రక్తములో చక్కెరను మన ప్రయోగశాలలవారు మిల్లీగ్రాములలో చెప్పుదురు. బ్రిటనువారు మిల్లీమోలులలో చెప్పుదురు. మన 126 వారికి 7. ప్రమాణము వ్రాయని పత్రమున 7 అను అంకెను చూచిన మనవాడు రోగి మరణించెననుకొనును.

ఎలక్ట్రానిక్ పత్రమునకు స్వతస్సిద్ధములగు ప్రమాదములు వేరుగ కలవు. మొదటిది ముందుగనే నింపియుంచిన జవాబు. శ్రమ తగ్గునుగదా యని "వాంతులు – లేవు", "దద్దురు – లేదు" అని యంత్రము తానే నింపియుంచినచో, అడుగుట మరచినవాని పత్రమును, అడిగి లేదనిపించుకొన్నవాని పత్రమును ఒక్కతీరుననే యుండును. క్రొత్త మందువలన దద్దురు వచ్చినవాడు ఆ గుంపులో కనబడకుండ పోవును. రెండవది తప్పనిసరి గడి. ఈ గడి నింపనిదే తరువాతి ప్రశ్నకు పోనీయనని యంత్రము భీష్మించును. నింపు పిల్లకు ఇంకను ఇరువది యిండ్లు తిరుగవలసియున్నది, ఎండ మండుచున్నది. ఏదో యొకటి నొక్కి ముందుకు పోవును. కాగితమున ఖాళీగ మిగిలియుండెడి చోట ఇప్పుడొక అందమైన యసత్యము నిలుచును. మా గురువుగారు చెప్పిన రెండవ లేఖకునివంటిదే యీ యంత్రము, యతిభంగము సహింపదు.

కావున తెలిసినవారు ఖాళీకే పేర్లు పెట్టుదురు. "అడుగలేదు", "అడిగితిమి, తెలియదనిరి", "చెప్పుట కిష్టపడలేదు", "ఈ రోగికి ఈ ప్రశ్న వర్తింపదు": ఈ నాలుగును నాలుగు వేర్వేరు సంగతులు, వీనిలో నేదియు "లేదు" అను జవాబునకు సమానము కాదు. హద్దులు పెట్టునపుడును ఇట్టి వివేకమే కావలెను. బరువు 650 కిలోలని వ్రాసిన యంత్రము అడ్డగింపవలసినదే. 130 కిలోలని వ్రాసినపుడు మాత్రము "నిజమేనా, మరల చూడుడు" అని యడిగి, నిజమే అన్న లోపలికి రానీయవలెను. లోకములో స్థూలకాయులు లేకపోలేదు.

ఇంకొక సంగతి చెప్పక దాటిపోవుట ఉపాధ్యాయుడనైన నాకు ధర్మముగ తోచదు. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఖమ్మం జిల్లాలో, స్త్రీలకు వచ్చు గర్భాశయముఖపు కాన్సరును నివారించు టీకాను పదేండ్లనుండి పదునాలుగేండ్ల బాలికలకు వేసి ఒక అధ్యయనము చేసిరి. బాలికలలో పలువురు గిరిజన వసతిగృహములలోనివారు. కొందరు బాలికలు మరణించుటతో 2010లో ఆ పని నిలుపుదలయ్యెను. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘమువారు తేల్చిరి. ఆ టీకా నేడు అనేకదేశములలో వాడుకలో నున్నది. దాని మంచిచెడ్డలు నా ప్రసంగవిషయము కావు. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఆ సమ్మతిపత్రములను గూర్చి తీవ్రముగ ఆక్షేపించినది. రెండు వేలకు పైబడిన పత్రములలో తల్లిదండ్రుల చేవ్రాలుండవలసినచోట వసతిగృహపు వార్డెనుల సంతకములున్నవి. గడి నిండినది, లెక్కకు పత్రము పూర్తియైనది. అడుగవలసిన తల్లినిగాని తండ్రినిగాని అడుగనేలేదు. మా వృత్తిలోనివారికి గడి నింపు నలవాటు ఎంత గట్టిదో నాకు తెలియును గనుక ఈ వార్త చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు.

ఇక నా కథ. మాది శ్రీకాకుళము జిల్లా ఉద్దానము. కొబ్బరితోటలు, జీడితోటలు గల చల్లని సీమ. ఆ సీమలో ఎన్నో యేండ్లుగ మూత్రపిండముల వ్యాధి ప్రబలి, చక్కెరవ్యాధి లేనివారిని, నెత్తుటి పోటు లేనివారిని సైతము తీసికొనిపోవుచున్నది. కారణమిదియని నిశ్చయముగ తేలలేదు. పరిశోధకులు వచ్చుచు పోవుచుందురు. 2018లో తిత్లీ తుపాను మా తోటలను కూల్చుటకు ముందు సంవత్సరము, ఒక బృందమువారు ఇంటింటికి తిరిగి నెత్తురు తీసి, చేతిపలకలో వివరములు వ్రాసికొనిరి. మా యూరి యమ్మాయియే యొకతె వారికి సహాయముగ తిరిగినది.

కొన్ని వారములు గడచినపిమ్మట వారిలోని యువవైద్యుడొకడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, తమరు పెద్దలు, ఊరి సంగతు లెరిగినవారు. ఒక సందేహము. మీ యూరిలో చదువుకొన్నవారందరు జూలై ఒకటవ తేదీననే పుట్టినారేమండీ? చదువురానివారందరు జనవరి ఒకటిన పుట్టినారు. మా యంత్రము చెడినదేమోనని రెండు దినములు చూచితిమి" అనెను.

యంత్రము చెడలేదు. ఆ జూలై ఒకటవ తేదీని పుట్టించినవాడను నేను. 1981లో పండితశిక్షణ ముగించుకొని మొదటి యుద్యోగముగ మా ప్రాంతపు ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరితిని. పిల్లను బడిలో చేర్చుటకు వచ్చిన తండ్రిని పుట్టినతేదీ యడిగిన "తమరే ఏదో రాయండి బాబూ" అనెడివాడు. రిజిస్టరులో గడి యున్నది. ఖాళీగ నుంచిన ఇన్‌స్పెక్టరుగారు ఒప్పుకొనరు. ఒకటవ తరగతికి అయిదేండ్లు నిండవలెను. కావున బిడ్డ యెత్తు, పండ్లు చూచి, ఏ సంవత్సరమో వేసి, దానికి జూలై ఒకటి తగిలించెడివాడను. తొమ్మిదేండ్లవానికి అయిదేండ్లు వేసినచో ముందుముందు ఉద్యోగమునకు వయస్సు కలిసివచ్చునని తండ్రులు సంతోషించెడివారు. నేను ఉపకారము చేయుచున్నాననియే అనుకొంటిని. ఆ రిజిస్టరు తేదీ పదవతరగతి సర్టిఫికెట్టునకు, దానినుండి ఆధారు కార్డునకు, దానినుండి ఆ యమ్మాయి చేతిపలకలోనికి ఎక్కినది. 1976 జూలై 1 అన్న తేదీని ఏ హద్దుపరీక్ష పట్టుకొనును? క్యాలెండరులో నున్న తేదీయే గదా.

"తేదీ తప్పయిన నేమి నాయనా, పరీక్ష నెత్తురునకు గదా" అంటిని. అప్పుడాయన నాకు బోధపరచెను. నెత్తురులో క్రియాటినిన్ అను మలినపదార్థ మెంతయున్నదో కొలుతురు. మూత్రపిండములు ఎంత పనిచేయుచున్నవో తెలియుటకు ఆ కొలతతోపాటు మనిషి వయస్సును, స్త్రీయా పురుషుడా అనుదానిని చేర్చి సూత్రముచేత లెక్కకట్టుదురు. లెక్క 60కి దిగువకు వచ్చి మూడు మాసములకు మించి అట్లే నిలిచినచో వ్యాధి యున్నదందురు. వయస్సులో నాలుగేండ్ల తేడా లెక్కలో నూటికి సుమారు మూడు పాళ్ళ తేడా తెచ్చును. మధ్యలో నున్నవారికి మూడు పాళ్ళే గట్టు దాటించును.

ఆయన వద్దనున్న పట్టీలో నా మొదటి తరగతి శిష్యుడొకని పేరుండెను. మా రిజిస్టరు ప్రకారము 41 యేండ్లు. లెక్క 61. ఆరోగ్యవంతుల వరుసలో నున్నాడు. మరల పరీక్షకు పిలువవలసినవారిలో లేడు. ఆ పిల్లవాడు బడిలో చేరిననాడు నా భుజము వరకు వచ్చిన సంగతి నాకు స్పష్టముగ జ్ఞాపకమున్నది. ఆ సాయంకాలమే వైద్యుని వెంటబెట్టుకొని వారి యింటికి పోయితిని. తల్లి ముదుసలి, అరుగుమీద కూర్చుండి పీచు వలుచుచున్నది. నీ కొడుకు ఎప్పుడు పుట్టినాడమ్మా యని యడిగితిని. తేదీ అడుగలేదు.

"ఆడు కడుపులో ఉన్నప్పుడే బస్సులన్నీ ఆగిపోనాయి కదా బాబూ. పురిటికి మా యమ్మోరింటికి నడిసే ఎల్లాను" అనెను.

బస్సులాగినది జై ఆంధ్ర ఉద్యమమున, 1972 చివర. నాలుగేండ్లు నేను మ్రింగితిని. వైద్యుడు అక్కడనే వయస్సు మార్చి లెక్కకట్టగా 61 కాస్త 59 అయినది. మరల నెత్తురు తీసిరి. మూడు మాసములకు మరియొకసారి తీసిరి. ఇంకను దిగినది. అతడిప్పుడు మందు వాడుచు, నొప్పిబిళ్ళలు మానివేసి, తోటపని చేసికొనుచున్నాడు. నన్ను చూచినపుడు మునుపటివలెనే చేతులు జోడించును. నేనే తలవంచుకొందును.

ఆ బృందమువారు తమ పత్రమును తిరుగ వ్రాసిరి. పుట్టినతేదీకి మునుపున్న ఒక్క తప్పనిసరి గడిని తీసివేసి, సంవత్సరమునకు, నెలకు, దినమునకు విడివిడి గళ్ళు పెట్టిరి. నెల, దినము తెలియకున్న విడిచిపెట్టవచ్చును. క్రింద మరియొక ప్రశ్న చేర్చిరి: ఈ వయస్సు ఎట్లు తెలిసినది? జననపత్రము చూచియా, బడికాగితము చూచియా, ఇంటివారు చెప్పగనా, ఊరిసంఘటనలను బట్టి అంచనాయా? ఆ సంఘటనల పట్టీని వారికి వ్రాసియిచ్చిన పని నాకు దక్కినది. రైతాంగపోరాటము, జై ఆంధ్ర ఉద్యమము, అత్యవసరపరిస్థితి, మా వంతెన కట్టిన సంవత్సరము, కలరా వచ్చిన సంవత్సరము, పదిమంది ముసలివారిని కూర్చుండబెట్టి ఒక్కొక్కటి సరిచూచుకొని వ్రాసితిని. పండితపరిషత్తులకన్న ఆ యరుగుమీది సభలో నాకెక్కువ శ్రమ కలిగినది.

రెండవమారు తిరుగునపుడు ఆ యమ్మాయి చేతిపలకతో మా యింటికిని వచ్చినది. "మాస్టారూ, మీ పుట్టినతేదీ చెప్పండి" అన్నది. చెప్పితిని. ఆమె నవ్వాపుకొనుచు, "జూలై ఒకటే కదండీ?" అన్నది. నన్ను బడిలో చేర్చిన పంతులుగారును నావంటివారే. మా అమ్మ చెప్పిన దాని ప్రకారము అది మాఘమాసము, రథసప్తమి వెళ్ళిన రెండవనాడు; సంవత్సరముమాత్రము ఆమెకు తెలియదు. అది యంతయు చెప్పగా విని, ఆమె సంవత్సరము వ్రాసి, దినపు గడిని ఖాళీగ విడిచి, క్రింద అంచనా అన్నచోట వ్రేలు పెట్టినది. యంత్రము అడ్డు చెప్పలేదు. ఆమె ప్రక్కయింటికి పోయినది.